గైడు చెప్పని మా చరిత్ర

ఈ దేశాన్ని చూడ్డానికి రమ్మని ప్రపంచాన్ని పిలిచేటప్పుడు ఏం చూపిస్తారు? ముందు తాజ్‌మహల్. తర్వాత ఎర్రకోట, కుతుబ్‌మీనార్, హుమాయూన్ సమాధి, ఫతేపూర్ సిక్రీ. దక్కన్‌కొస్తే చార్మినార్, గోల్కొండ, బీజాపూర్ గోల్‌గుంబజ్, ఔరంగాబాద్ బీబీకా మఖ్‌బరా. క్యాలెండర్ల మీద, రైల్వేస్టేషన్ గోడల మీద, బిస్కెట్ డబ్బాల మీద ఇవే బొమ్మలు. స్వాతంత్ర్యం వచ్చిన మర్నాడు, 1947 ఆగస్టు 16న, నెహ్రూ జెండా ఎగరేసింది షాజహాన్ కట్టించిన ఎర్రకోట మీదే. ఆ తర్వాత వచ్చిన ప్రధానమంత్రులు కూడా ఆగస్టు 15న ఆ కోట మీద నుంచే దేశంతో మాట్లాడుతూ వచ్చారు.

ఆ కట్టడాలు దేశానికి గర్వకారణం. ఆ కట్టడాల పేర్ల లాంటి పేర్లున్న మేం మాత్రం దేశానికి అనుమానం. ఇదెట్లా సాధ్యమయింది? రాళ్లు సొంతమై మనుషులు పరాయివాళ్లెట్లా అయ్యారు? ఈ వ్యాసంలో మేం అడగదల్చుకున్నది ఇంతే.

దీనికి బయట రెండు జవాబులు వినిపిస్తుంటాయి. ఒకటి: అవి మావే, మీరు లాక్కున్నారు. పి.ఎన్. ఓక్ అనే ఆయన తాజ్‌మహల్ అసలు హిందూ కట్టడమని పుస్తకాలు రాసి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2000లో కోర్టు ఆ పిటిషన్‌ని కొట్టేసింది. కోర్టు కొట్టేసినా మాట మాత్రం ఊళ్లు తిరుగుతూనే ఉంది. రెండో జవాబు: అవి మీవే, అందుకే మాకొద్దు. 2017లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వేసిన పర్యాటక పుస్తకంలో తాజ్‌మహల్ లేకుండా పోయింది. ప్రపంచమంతా ఏ ఊరిని ఏ కట్టడం కోసం వెతుక్కుంటూ వస్తుందో ఆ కట్టడమే ఆ రాష్ట్రం పుస్తకంలో లేదు. ఈ రెండు జవాబులకీ ఒకదానితో ఒకటి పొసగదు. పొసగకపోయినా రెండింటి దెబ్బా మా మీదే పడుతుంది.

మూడో జవాబు మా ఇళ్లల్లోంచే వస్తుంది. "మనం ఏలినవాళ్లం, కట్టినవాళ్లం" అని మాలో కొందరు మీసం దువ్వుతారు. సైకిల్ పంచర్లు వేసేవాడు, బీడీలు చుట్టే ఆమె, దూది ఏకే ఆయన... వీళ్లంతా ఒకప్పుడు ఏలినవాళ్లేనట! ఎవర్ని ఏలారు? ఎప్పుడు ఏలారు? ఏలినవాళ్లయితే వాళ్ల తాతలకి ఒక గుంట భూమి కూడా ఎందుకు లేకపోయింది? ఈ మూడో జవాబు మొదటి రెండింటికంటే ఎక్కువ నష్టం చేసింది. రాజుల గొప్ప మాదని ఒప్పుకున్న రోజే రాజుల తప్పులు కూడా మా ఖాతాలో రాసేశారు.

గోల్కొండకి వెళ్దాం. స్కూలు పిల్లల్ని విహారయాత్రకి ముందు అక్కడికే తీసుకొస్తారు. కోట గుమ్మం దగ్గర గైడు చప్పట్లు కొడతాడు. పైన బాలాహిస్సార్‌లో అది వినిపిస్తుంది. పిల్లలు కేరింతలు కొడతారు. తర్వాత రామదాసు బందీఖానా. గోడ మీద రామదాసు చెక్కాడని చెప్పే బొమ్మలు. తానీషా పెట్టిన బాధలు. క్లాసులో ఉన్న ఒకరిద్దరు మా పిల్లల వైపు మిగతా పిల్లలు అప్పుడు తిరిగి చూస్తారు. ఎవరూ ఏమీ అనకపోవచ్చు. ఆ చూపు చాలు. ఆ పిల్లాడు ఇంటికొచ్చి "అబ్బా, తానీషా మనకేమవుతాడు?" అని అడిగితే ఏం చెప్పాలి?

చెప్పాల్సింది ఉంది. కంచర్ల గోపన్న తానీషా కొలువులో పాల్వంచ పరగణాకి తహశీల్దారు. ఆయనకి ఆ ఉద్యోగం ఇప్పించింది మేనమామలు అక్కన్న, మాదన్నలు. మాదన్న గోల్కొండ రాజ్యానికి ప్రధానమంత్రి. అంటే పన్ను వేసిన సుల్తాను ముసల్మాను, పన్ను లెక్కలు చూసిన మంత్రి బ్రాహ్మడు, పన్ను వసూలు చేసిన తహశీల్దారు రామభక్తుడు. పన్ను కట్టిన రైతు ఎవరు? ఆ రైతు పేరు బందీఖానా గోడ మీద లేదు. గుడికి ఖర్చయిన డబ్బు ఆ రైతు చెమటది. గుడి కట్టినందుకు జైలు అని మాత్రమే చెప్పే గైడు, ఖజానా లెక్క తేలనందుకు జైలు అనే సగం దాచేస్తాడు. భద్రాచలం సీతారామ కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషా కాలం నుంచి వస్తోందని కూడా ఆ సంప్రదాయమే చెబుతుంది. ఆ సగాన్ని కోటలో చెప్పరు, భద్రాచలంలో చెబుతారు. రెండూ ఒకచోట చెబితే కథ కుదరదు కాబోలు.

ఆ కోట పడిపోయిన కథ చూడండి. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడి వేసి గోల్కొండని పట్టుకున్నాడు. కోట లోపల సుల్తాను షియా ముస్లిం. బయట పాదుషా సున్నీ ముస్లిం. పాదుషా వైపు రాజపుత్రులూ ఉన్నారు. రాత్రివేళ తలుపు తీసిన ద్రోహి అబ్దుల్లాఖాన్ పన్నీ ముస్లిం. ఒళ్లంతా గాయాలతో చివరిదాకా పోరాడిన అబ్దుల్ రజాక్ లారీ ముస్లిం. ముట్టడిలో మొగలుల వైపు చనిపోయిన ఖ్వాజా ఆబిద్, తర్వాత హైదరాబాద్‌ని ఏలిన మొదటి నిజాముకి తాత. తానీషాని దౌలతాబాద్ కోటలో పెట్టారు. అక్కడే పోయాడు. అంతకు ఏడాది ముందు, 1686లో, అక్కన్న మాదన్నల్ని గోల్కొండ వీధుల్లోనే చంపేశారు. ఇందులో "ముస్లిం వైపు" ఏది? "హిందూ వైపు" ఏది? రాజ్యం కోసం జరిగిన కొట్లాటని మతాల కొట్లాటగా తిప్పి చెప్పడానికి చాలా నేర్పు కావాలి. ఆ నేర్పు మన పాఠ్యపుస్తకాల్లో దండిగా ఉంది.

ఇదే కోటలో మరో సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా. 1550 నుంచి 1580 దాకా ఏలాడు. అంతకు ముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. తెలుగు నేర్చుకున్నాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి "తపతీ సంవరణోపాఖ్యానం" ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీర్లలో ఒకడు పటాన్‌చెరు అమీన్‌ఖాన్. పొన్నెగంటి తెలగన్న సంస్కృత పదం లేకుండా అచ్చ తెలుగులో "యయాతి చరిత్ర" రాసి ఈ అమీన్‌ఖాన్‌కి అంకితమిచ్చాడు. మొట్టమొదటి అచ్చ తెలుగు కావ్యం ఒక తురక అమీరుకి అంకితమయింది. తెలుగు మీకెట్లా వచ్చు అని మమ్మల్ని ఇవాళ్టికీ అడిగేవాళ్లు ఒక్కసారి పటాన్‌చెరు దాకా వెళ్లి రావాలి.

అట్లాగని ఇబ్రహీంని నెత్తిన పెట్టుకోమని మేం అనం. ఏడేళ్లు అన్నం పెట్టిన రామరాయల మీదకే 1565లో మిగతా సుల్తానులతో కలిసి యుద్ధానికి పోయాడు ఆయన. రాజులంతే. కవిత్వం విన్న చెవులతోనే కత్తుల చప్పుడూ వింటారు.

గోల్కొండ అంటే వజ్రాలు. కోహినూరు కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందంటారు. పదిహేడో శతాబ్దంలో ఆ గనుల్ని చూసిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, అక్కడ మగా ఆడా పిల్లలూ కలిసి అరవై వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వడం, ఆడవాళ్లూ పిల్లలూ మన్ను మోయడం. అరవై వేలమందిలో ఒక్కరి పేరయినా మనకు తెలుసా? రాణీగారి కిరీటంలో రాయి గురించి మాత్రం అందరికీ తెలుసు. ఇవాళ కొల్లూరు పులిచింతల నీళ్ల కింద ఉంది. చూద్దామన్నా చూడ్డానికి లేదు. మేం వెతుక్కోవాల్సిన పూర్వీకులు కోట పైన బాలాహిస్సార్‌లో లేరు. ఆ మన్ను తట్టల దగ్గరున్నారు.

మరి మేమెవరం? తెలుగునాట ఉన్న ముసల్మానుల్లో ఎక్కువమంది ఏ ఇరాన్ నుంచో, తుర్కిస్తాన్ నుంచో గుర్రాలెక్కి వచ్చినవాళ్లం కాదు. ఇక్కడి కింది కులాల్లోంచి, చేతిపనుల కులాల్లోంచి దర్గాల నీడకు చేరినవాళ్లం. దూదేకులవాళ్లం, కసాయి పనివాళ్లం, పకీర్లం. మా ఇంటిపేర్లు చూడండి, మా పెళ్లిళ్లలో పసుపు చూడండి. తరతరాలుగా ఇంట్లో తెలుగు తప్ప మరో భాష రానివాళ్లం మాలో లక్షలమంది. ఈ సంగతి ఏ కోటలో ఏ బోర్డు మీదా ఉండదు. పర్యాటకుడికి ముస్లిం అంటే సుల్తాను. లేదంటే దండయాత్ర చేసినవాడు. మూడో రకం ముస్లిం ఉన్నాడని అతనికి ఎవరూ చెప్పరు.

దండయాత్రల సంగతి వచ్చింది కాబట్టి గండికోటకి వెళ్దాం. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర పెన్న కొండని నిలువునా చీల్చుకుని పారే చోటు. ఎర్రటి బండలు దొంతర్లుగా పేర్చినట్టుంటాయి. పొద్దు వాలేటప్పుడు ఆ లోయ అంచున నిలబడి చూసినవాళ్లు జీవితంలో మర్చిపోలేరు. దాన్ని ఇప్పుడు అమెరికా లోయ పేరు పెట్టి ప్రచారం చేస్తున్నారు. మన పెన్నకి అరువు పేరు అవసరమొచ్చింది. కోట లోపల మాధవరాయ స్వామి గుడి ఉంది, జామియా మసీదు ఉంది, పెద్ద ధాన్యాగారం ఉంది. పెమ్మసాని నాయకుల చేతిలోంచి ఈ కోటని 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. గుళ్లల్లోంచి తెచ్చిన లోహ విగ్రహాల్ని కరిగించి ఫిరంగులు పోయించడానికి పూనుకున్నాడని తావెర్నియే రాశాడు.

ఈ మాట మేం దాచం. దాచాల్సిన అవసరం మాకు లేదు. మీర్ జుమ్లా ఇరాన్ నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి. గోల్కొండ సుల్తాను ఉప్పు తిని, కొన్నేళ్లకే ఆ సుల్తానునే వదిలేసి మొగలుల్లో చేరిపోయాడు. ఆయనకి ఇత్తడి ఇత్తడే, దేవుడు కాదు. సుల్తాను సుల్తానే, సొంతవాడు కాదు. ఆయన చేసిన పనికి జమ్మలమడుగులో చక్రాల బండి మీద అరటిపళ్లు అమ్ముకునే మస్తాన్ లాంటివాళ్లు ఎందుకు జవాబు చెప్పాలి? గుడి మీద దెబ్బ పడ్డప్పుడు ఏడ్చిన ఊరి జనంలో, ఆ మస్తాన్ ముత్తాతల ముత్తాత కూడా ఉండి ఉండొచ్చు కదా! అప్పటికి ఆయన పేరు మస్తాన్ కాకపోవచ్చు కూడా.

పేర్లు మారిన మనుషుల గురించి చెబుతున్నాం కాబట్టి, ఇక్కడి నుంచి ఢిల్లీ దాకా పోయిన ఒక తెలుగువాడి కథ చెప్పాలి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి లొంగిపోయింది. ప్రతాపరుద్రుడి కొలువులోని ఒక అధికారిని బందీగా ఢిల్లీ తీసుకుపోయారు. ఆయన పాత పేరు ఏమిటన్న దాని మీద చరిత్రకారుల్లో వాదాలున్నాయి. ఢిల్లీలో ఇస్లాం తీసుకుని మక్బూల్ అయ్యాడు. ముల్తాన్‌ని పాలించాడు. ఫిరోజ్‌షా తుగ్లక్ కాలంలో వజీరయ్యాడు. ఖాన్-ఎ-జహాన్ అనే బిరుదు పొందాడు. ఆయనకి చదవడం రాయడం రాకపోయినా బుద్ధిలో సాటిలేనివాడని ఆ కాలపు చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ రాశాడు. సుల్తాను ఊళ్లో లేనప్పుడు ఢిల్లీని నడిపింది ఈ ఓరుగల్లు మనిషే. చరిత్రలో ఆయన్ని ఖాన్-ఎ-జహాన్ తెలంగానీ అంటారు. తెలంగానీ! మా భాష పేరు, మా నేల పేరు ఆయన పేరుకి అతుక్కుని మిగిలిపోయింది.

1368 ప్రాంతంలో ఆయన పోయాక ఢిల్లీలో ఎనిమిది మూలల సమాధి కట్టారు. చుట్టూ వరండా, పైన గుమ్మటం. ఢిల్లీలో ఆ తీరులో కట్టిన మొదటి సమాధి అదే. ఆ తర్వాత సయ్యద్, లోదీ సుల్తానులు ఆ తీరునే తీసుకున్నారు. 1547లో కట్టిన ఈసాఖాన్ సమాధిదీ అదే తీరు. హుమాయూన్ సమాధి చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని లోపలికి పోతే కుడిచేతి వైపు కనబడేది ఈ ఈసాఖాన్ సమాధే. జనం ఫొటోలు దిగుతారు. తెలంగానీ సమాధి అక్కడికి కూతవేటు దూరంలో నిజాముద్దీన్ బస్తీ సందుల్లో, ఇళ్ల మధ్య ఇరుక్కుని, శిథిలమై ఉంది. గైడ్లు అటు పోరు. తెలుగువాళ్లు ఢిల్లీ వెళ్లి కుతుబ్‌మీనార్ చూస్తారు, ఎర్రకోట చూస్తారు, ఆంధ్రాభవన్‌లో భోజనం చేస్తారు. తమ మనిషి ఒకడు అక్కడ పడుకుని ఉన్నాడని తెలియకుండానే రైలెక్కుతారు. ఆయన హిందువుగా ఉండిపోయి ఉంటే తెలుగు పాఠ్యపుస్తకంలో ఒక పాఠం ఉండేదేమో. ముసల్మానయ్యాడు కాబట్టి తెలుగువాడు కాకుండా పోయాడు.

ఇక తాజ్‌మహల్. 1632 ప్రాంతంలో పని మొదలయింది. దాదాపు ఇరవయ్యేళ్లు సాగింది. ఇరవై వేలమంది పనిచేశారని తావెర్నియే చెబుతాడు. పాలరాయి రాజస్థాన్‌లోని మక్రానా నుంచి వచ్చింది. ఖురాన్ వాక్యాల్ని గోడల మీద అందంగా దిద్దిన అమానత్‌ఖాన్ ఇరాన్ మనిషి. రాళ్లు మోసినవాళ్లు, చెక్కినవాళ్లు, పొదిగినవాళ్లు రకరకాల మతాలవాళ్లు. పని పూర్తయ్యాక షాజహాన్ వాళ్ల చేతులు నరికించాడని గైడ్లు కథ చెబుతారు. దానికి చరిత్రలో ఆధారం లేదు. అయినా పర్యాటకులు ఆ కథనే ఎక్కువ ఇష్టంగా వింటారు. చేతులు నరికిన పాదుషా అందరికీ తెలుసు. చేతులున్న పనివాళ్లు ఎవరికీ తెలియదు. రాళ్లు పొదిగే ఆ విద్య ఆగ్రా సందుల్లో ఇవాళ్టికీ బతికే ఉంది. అక్కడ పళ్లేల మీద, పెట్టెల మీద పూలు పొదుగుతూ కళ్లు పాడు చేసుకునేవాళ్ల దగ్గరికి ఏ టూరిస్టు బస్సూ పనిగట్టుకుని పోదు. పోయినా బేరమాడ్డానికే పోతుంది.

ఆ తాజ్‌లో ఒక మసీదు ఉంది. శుక్రవారం తాజ్ సందర్శకులకి మూసేస్తారు, నమాజుకి తెరుస్తారు. ఆగ్రావాళ్లు తప్ప బయటివాళ్లు అక్కడ జుమ్మా నమాజు చేయకూడదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రపంచ వింత కాబట్టి కాపాడుకోవాలి, నమాజుకి వేరే మసీదులున్నాయి కదా అన్నారు. కట్టడాన్ని కాపాడాలనడంలో మాకు పేచీ లేదు. కానీ మిగతా ఆరు రోజులూ వేలమంది తిరిగి చూసే చోట, ఒక్క గంట నమాజు మాత్రమే రాళ్లకి బరువయిందా?

టిక్కెట్టు లేని చోట్లు ఇంకెన్ని! మాకు అసలు చరిత్ర అక్కడే ఉంది. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో రొట్టెల పండుగ జరుగుతుంది. మొక్కు తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, మొక్కుకునేవాళ్లు తీసుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, చదువు రొట్టె. చెరువు నీళ్లల్లో నిలబడి రొట్టె మార్చుకునేటప్పుడు ఎదుటివాళ్ల కులం, మతం అడగరు. దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ఉగాది నాడు ముస్లింలు పోతారు. బీబీ నాంచారి మా ఆడబిడ్డ, స్వామి మా అల్లుడు అంటారు. గోల్కొండ కోటలోనే జగదాంబ గుడి ఉంది. ఆషాఢ బోనాలు అక్కడే మొదలవుతాయి. తెలంగాణ ఊళ్లల్లో పీరీలెత్తేవాళ్లలో, నిప్పుల గుండం చుట్టూ అసోయ్ దూలా ఆడేవాళ్లలో ఎక్కువమంది ముస్లిమేతరులే. ఈ కలగలుపుని చెడగొట్టడానికి రెండు వైపుల నుంచీ మనుషులు వస్తున్నారు. పీరీలు ఇస్లాం కాదని ఒకరు, దర్గాకి పోవడం హిందువుకి తగదని ఇంకొకరు. ఇద్దరూ ఒకరికొకరు బాగా పనికొస్తున్నారు.

కట్టడాన్ని కాపాడేది చట్టమా, టిక్కెట్టా అని కూడా ఆలోచించాలి. 1992 డిసెంబర్ 6న అయోధ్యలో బాబ్రీ మసీదుని పట్టపగలు కూల్చేశారు. అది ఘోరమైన చట్ట ఉల్లంఘన అని 2019 నవంబర్ 9న సుప్రీంకోర్టే అన్నది. అని, ఆ స్థలాన్ని గుడికే ఇచ్చింది. 2024 జనవరి 22న అక్కడ ప్రతిష్ఠ జరిగింది. ఇప్పుడు దేశంలో పెద్ద యాత్రాస్థలాల్లో అదొకటి. 2002లో గుజరాత్ మారణకాండలో అహమ్మదాబాద్‌లోని వలీ దక్కనీ సమాధిని కూల్చి, రాత్రికి రాత్రే దాని మీద తారు రోడ్డు వేశారు. ఆ వలీ ఎవరు? ఔరంగాబాద్‌లో పుట్టిన కవి. మా దక్కనీ పలుకుబడిని ఢిల్లీ కవులకి రుచి చూపించినవాడు. ఉర్దూ గజల్‌కి దారి వేసినవాడి మీంచి దారి వేశారు. తాజ్‌మహల్‌ని పుస్తకంలోంచి తీసేస్తే లోకమంతా గోల పెట్టింది. వలీ సమాధి పోతే గోల పెట్టడానికి దానికి టిక్కెట్టు కౌంటరు లేదు.

మళ్లీ మా హైదరాబాద్‌కి వద్దాం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించాడు. ఆయన దక్కనీలో కవి. వానల మీద, వసంతం మీద, ఇక్కడి పళ్ల మీద, పండుగల మీద రాశాడు. గైడ్లకి మాత్రం ఒక్క భాగమతి కథ చాలు. ఆ ప్రేమకథ కట్టుకథే అని షేర్వానీ లాంటి చరిత్రకారులు అన్నారు, మరికొందరు కాదన్నారు. కథగా ఉన్నన్నాళ్లూ అందంగానే ఉంది. ఇప్పుడు ఆ కథనే పట్టుకుని ఊరి పేరు మార్చాలంటున్నారు. ప్రేమించుకున్న ఇద్దర్నీ నాలుగువందల ఏళ్ల తర్వాత విడదీయడమంటే ఇదే.

హుస్సేన్‌సాగర్ చూడండి. ఇబ్రహీం కాలంలో హజ్రత్ హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో తవ్వించిన చెరువు. ఊరికి తాగునీళ్లు ఇచ్చిన చెరువు. ఇవాళ అందులో పడవెక్కి బుద్ధుడి దగ్గరికి పోతారు. రాయగిరి రాతితో చెక్కిన ఆ విగ్రహాన్ని 1990 మార్చిలో చెరువులోకి తీసుకుపోతుంటే పంటు మునిగి పదిమంది దాకా చనిపోయారు. విగ్రహాన్ని పైకి తీసి 1992 డిసెంబర్ 1న నిలబెట్టారు. మునిగిపోయినవాళ్ల పేర్లు ఆ రాతి కింద ఉంటే బుద్ధుడు కాదనేవాడా? కొల్లూరు నుంచి హుస్సేన్‌సాగర్ దాకా ఇదే వరస. రాయి నిలబడుతుంది, మోసినవాడు మాయమవుతాడు.

ఫలక్‌నుమా ప్యాలెస్ 2010 నుంచి పెద్ద హోటలు. దాని కొండ కింద ఉండే పాతబస్తీవాళ్లు గేటు దాకా పోయి దాన్ని చూసి వస్తారు. చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌లో లక్కగాజులు కొనని పర్యాటకురాలు ఉండదు. 2024లో ఆ గాజులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బొగ్గుల కుంపటి ముందు కూర్చుని, కాలే లక్కని చేత్తో ఒత్తి, ఒక్కొక్క అద్దం ముక్కా అతికించే చేతులు పాతబస్తీ ఇరుకు ఇళ్లల్లో ఉన్నాయి. గుర్తింపు గాజుకి వచ్చింది. చేతికి ఎప్పుడొస్తుంది?

ఆ చార్మినార్ పక్కనే మక్కా మసీదు. 1617లో మొదలై 1694లో పూర్తయింది. పావురాలకి గింజలు చల్లి ఫొటోలు తీసుకునే చోటు. 2007 మే 18న శుక్రవారం నమాజు వేళ అక్కడ బాంబు పేలింది. పేలుడులో తొమ్మిదిమంది, తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. చచ్చిపోయిందీ మేమే, అనుమానితులమూ మేమే. పదుల సంఖ్యలో ముస్లిం కుర్రాళ్లని పట్టుకుపోయారు. తర్వాత వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. 2011లో ప్రభుత్వమే నష్టపరిహారం ప్రకటించాల్సి వచ్చింది. ఆపైన దర్యాప్తు హిందూత్వ మనుషుల వైపు తిరిగింది. 2018 ఏప్రిల్‌లో విచారణకొచ్చిన ఐదుగుర్నీ కోర్టు వదిలేసింది. మరి చంపిందెవరు? మసీదు చూపించే గైడుని ఇది అడగం. దేశాన్ని అడుగుతున్నాం.

1948 సంగతి ఏ పర్యాటక పటంలోనూ ఉండదు. రజాకార్లు బైరాన్‌పల్లిలో జనాన్ని కాల్చి చంపారు. రజాకార్లని ఎదిరించి రాసిన "ఇమ్రోజ్" సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ని కూడా ఆ ఆగస్టులోనే చంపారు. సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాతి మారణకాండలో 27 వేల నుంచి 40 వేలమంది దాకా చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనానికి అందలేదు. రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్‌ వెళ్లిపోయాడు. నవాబులు ప్యాలెస్‌ల్లో మిగిలారు. ఆయన చేసిన దానికీ, వాళ్లు అనుభవించిన దానికీ బాకీ తీర్చినవాళ్లు ఇక్కడే, ఈ ఊళ్లల్లోనే మిగిలిపోయిన మేం.

కాబట్టి మేం కోటల్లో వాటా అడగడం లేదు. కుతుబ్‌షాహీ సమాధుల్ని బాగుచేస్తే సంతోషం. చార్మినార్ నల్లబడకుండా చూస్తే సంతోషం. అవి ఈ నేల మీద ఈ నేల మనుషులు కట్టినవి. అందరివీ. మేం అడిగేది కథలో వాటా. రామదాసు బందీఖానా దగ్గర రైతు పన్ను గురించి ఒక వాక్యం. బాలాహిస్సార్ మీద కొల్లూరు అరవై వేలమంది గురించి ఒక వాక్యం. గండికోటలో మీర్ జుమ్లా ఎవరో, జమ్మలమడుగు ముస్లిములెవరో విడివిడిగా చెప్పే ఒక బోర్డు. తెలుగు పాఠ్యపుస్తకంలో తెలంగానీకి ఒక పేజీ.

చూడ్డానికి బయల్దేరేవాళ్లకి మరో చోటు కూడా చెబుతాం. జనగామ నుంచి సూర్యాపేట పోయే దారిలో కామారెడ్డిగూడెం వస్తుంది. అక్కడ షేక్ బందగీ సమాధి ఉంది. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో కోర్టులో కొట్లాడి గెలిచిన పేదరైతు. గెలిచినందుకు 1940 ప్రాంతంలో దేశ్‌ముఖ్ మనుషులు నరికి చంపారు. నిజాం రాజ్యంలో, ముస్లిం రాజు ఏలుబడిలో, ముస్లిం రైతుకి దక్కిన న్యాయం అది. తర్వాత వచ్చిన రైతాంగ సాయుధ పోరాటం ఆయన్ని తన తొలి అమరుల్లో లెక్కపెట్టుకుంది. "మా భూమి" నాటకానికి ఆయన కథే ఊపిరి. అక్కడ గుమ్మటం లేదు, పాలరాయి లేదు, చప్పట్లు కొడితే పైకి వినిపించే వింత లేదు. బస్సు దిగి రెండు నిమిషాలు నిలబడొచ్చు. మీ మస్తాన్ తాత ఎవరని పిల్లలు అడిగితే వేలు పెట్టి చూపించడానికి మాకు ఆ చోటుంది.